పిల్లల ఎత్తు: అర సెంటీమీటరు దగ్గరే అసలు పని

ఏడేళ్ల పిల్లాడి ఎత్తు 119 సెంటీమీటర్లు అంటే, ఆ ఒక్క అంకెతో తేలేది తక్కువే. ఆరు నెలల కిందట ఎంత ఉన్నాడు, ఇప్పుడెంత ఉన్నాడు? పిల్లల డాక్టరు అడిగేది ఇది. నాలుగేళ్లు దాటాక యుక్తవయసు మొదలయ్యేదాకా పిల్లలు ఏడాదికి దాదాపు 5 నుంచి 7 సెంటీమీటర్లు పెరుగుతారు. అంటే ఆరు నెలలకు మూడు సెంటీమీటర్లు, అటూ ఇటూగా. కొలతలో ఒక సెంటీమీటరు తప్పితే ఆ పెరుగుదలలో మూడో వంతు గల్లంతే.

ముందు గోడ సంగతి. మన ఇళ్లలో గోడ అడుగున స్కర్టింగ్ టైల్స్ సెంటీమీటరు మందాన ముందుకు పొడుచుకొస్తాయి. మడమలు టైలుకు ఆని, వీపు గోడకు ఆనాలంటే పిల్లలు వెనక్కి వాలక తప్పదు. స్కర్టింగ్ లేని స్తంభమో గోడో ఉంటే సరే. లేకపోతే స్కర్టింగ్ పైనుంచి అంతే మందమున్న ప్లైవుడ్ పట్టీని నిలువుగా బిగించండి. నేల వాలుగా ఉందేమో రసమట్టం పెట్టి చూసుకోవాలి. బాల్కనీ, వసారాల్లో నీళ్లు పోవడానికి వాటం ఇస్తారు కాబట్టి అక్కడ కొలవొద్దు.

నేల నుంచి స్టీల్ టేపుతో 100 సెంటీమీటర్ల దగ్గర సన్నని గీత గీయండి. ఇక ఎప్పుడు కొలిచినా ఆ గీత నుంచి పైకే. టైలర్ టేపు వాడేకొద్దీ సాగుతుంది. బడి ప్లాస్టిక్ స్కేలుకు సున్నా కంటే ముందే నాలుగైదు మిల్లీమీటర్ల అంచు ఉంటుంది. బజార్లో దొరికే జిరాఫీ స్టిక్కర్ల మీద మాకు నమ్మకం లేదు. ఎక్కడ అతికించాలో సరిగ్గా చూసుకోకుండానే చాలామంది అతికించేస్తారు. తప్పుగా అతికినా అదే చోట ఉన్నంతకాలం రెండు కొలతల మధ్య తేడా సరిగ్గానే వస్తుంది. ఇల్లు మారి మళ్లీ అతికించిన రోజున లెక్క తప్పుతుంది.

పిల్లల్ని నిలబెట్టేటప్పుడు చెప్పులు, సాక్సులు తీసేయాలి. నడినెత్తిన ముడి, క్లిప్పు, ఎత్తుగా కట్టిన పోనీటెయిల్ ఉంటే విప్పాలి. జడను పక్కకు జరిపితే చాలు. మడమలు, పిరుదులు, వీపు పైభాగం గోడకు తగలాలి. తల వెనక భాగం తగలకపోయినా ఫర్వాలేదు, బలవంతంగా నెట్టొద్దు. ఎక్కువ తప్పులు జరిగేది తల దగ్గరే. ఎత్తు ఎక్కువ రావాలని పిల్లలు గడ్డం పైకెత్తుతారు. కంటి గుంట కింది అంచు, చెవి రంధ్రం ముందుండే చిన్న బుడిపె ఒకే మట్టంలో ఉండాలి. ఊపిరి పీల్చి ఆపమని చెప్పి, వడ్రంగి మూలమట్టం ఒక అంచును గోడకు ఆనించి, రెండో అంచును జుట్టు అణిగేలా తలమీదికి దించండి. పుస్తకం పెడితే తెలియకుండానే వాలిపోతుంది. గీత చూసేటప్పుడు మీ కన్ను దాని ఎత్తులోనే ఉండాలి. పిల్లాణ్ని పక్కకు తప్పించి మళ్లీ నిలబెట్టి మొత్తం మూడుసార్లు కొలవండి. మూడూ అర సెంటీమీటరు లోపు ఉంటే సగటు రాసుకోండి, లేకపోతే మళ్లీ మొదలు.

రోజులో వేళ కూడా ముఖ్యమే. పొద్దున లేవగానే ఉన్న ఎత్తు సాయంత్రానికి సెంటీమీటరు దాకా తగ్గొచ్చు, వెన్నుపూసల మధ్య డిస్కులు నొక్కుకుపోవడం వల్ల. ఎప్పుడూ ఒకే వేళకు కొలవండి. బడి తెరిచే జూన్, మళ్లీ డిసెంబర్, ఈ రెండూ చాలు. నెలనెలా కొలిస్తే కనపడేది పెరుగుదల కాదు, కొలత తప్పు.

లెక్క ఇలా. జూన్ 14న 121.4, డిసెంబర్ 13న 124.1 అనుకుందాం. 182 రోజుల్లో 2.7 సెంటీమీటర్లు. 2.7ను 365తో హెచ్చించి 182తో భాగిస్తే ఏడాదికి 5.4. ఒక్కో కొలతలో అర సెంటీమీటరు తప్పు దొర్లితే ఇదే అంకె 3.4 కావచ్చు, 7.4 కావచ్చు. ఒకటి అనవసరంగా భయపెడుతుంది, రెండోది అసలు సమస్యను దాచేస్తుంది.

గోడ మీది గీతలు సంక్రాంతి సున్నాలకు పోతాయి. తేదీతో సహా నోటుపుస్తకంలో రాయండి, అదీ సెంటీమీటర్లలోనే. నాలుగడుగుల పది అంగుళాలను 4.10 అని రాస్తే తర్వాత చూసినవాళ్లు 4.1 అడుగులు అనుకుంటారు. మొదటిది 147 సెంటీమీటర్లు, రెండోది 125.

రెండేళ్ల లోపు పిల్లల్ని పడుకోబెట్టి కొలవాలి. ఒకరు తల పట్టుకోవాలి, ఒకరు మోకాళ్లు చాపాలి. ఇంట్లో తంటాలు పడేకంటే అంగన్‌వాడీలోనో ఆస్పత్రిలోనో కొలిపించడం మేలు. రెండేళ్లు నిండి తొలిసారి నిలబెట్టి కొలిచినప్పుడు దాదాపు 0.7 సెంటీమీటరు తక్కువ వస్తుంది. బిడ్డ కుంగిపోలేదు, పద్ధతి మారిందంతే.

అంకెల్ని చార్టు మీద పెట్టేటప్పుడు ఐదేళ్ల లోపు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 చార్టు, ఆపైన 18 ఏళ్ల దాకా ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015 చార్టు వాడండి. ఆడపిల్లలకు, మగపిల్లలకు వేర్వేరు చార్టులుంటాయి. మూడో పర్సెంటైల్ గీత (అదే వయసు పిల్లలు నూరుమందిలో ముగ్గురే దీనికంటే పొట్టిగా ఉంటారు) కింద ఉన్నా, ఇన్నాళ్లూ నడిచిన గీత వదిలి కిందికి జారుతున్నా, నాలుగేళ్లు దాటాక ఏడాదికి 4 సెంటీమీటర్ల కంటే తక్కువ పెరుగుతున్నా డాక్టరుకు చూపించండి. పాలల్లో కలిపే పొడి మార్చి చూస్తూ ఏడాది గడపొద్దు. ఆడపిల్లల విషయంలో ఇంకా త్వరపడాలి. రజస్వల అయ్యాక సాధారణంగా పెరిగేది మరో 5 నుంచి 7 సెంటీమీటర్లే.

వెళ్లేటప్పుడు నోటుపుస్తకంతోపాటు అమ్మానాన్నల ఎత్తు కూడా కొలిచి పట్టుకెళ్లండి, గుర్తున్నది చెప్పడం కాదు. తల్లి 154, తండ్రి 168 అయితే రెండూ కలిపి, కొడుక్కి 13 కూడి, కూతురికి 13 తీసేసి, సగం చేస్తారు: కొడుక్కి 167.5, కూతురికి 154.5, అటూ ఇటూ 8 సెంటీమీటర్లు. పిల్లల పెరుగుదల ఆ అంచనాకు దూరంగా పోతుంటే ఎముకల వయసు, అంటే ఎముకలు ఏ వయసుకు తగ్గట్టు ఎదిగాయో తెలుసుకోవడానికి ఎడమ చేతికి మణికట్టుతో కలిపి ఎక్స్‌రే తీయించమంటారు.