వరండా బల్ల మీద ఒక రాత్రి

నిరుడు అక్టోబరులో, కడపలో నాకు డెంగీ వచ్చినప్పుడు మూడు రోజులు ఆసుపత్రి గడప తొక్కలేదు. ట్రాన్స్‌జెండర్ మహిళగా ఓపీ వరుసలో నిలబడితే పడే చూపులకు భయపడి, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న ఒళ్ళునొప్పుల మాత్రలతో నెట్టుకొచ్చాను. అవి ఐబుప్రొఫెన్ అనీ, డెంగీలో అటువంటివి రక్తస్రావం ముప్పును పెంచుతాయనీ, జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే వాడాలనీ తరువాత తెలిసింది.

నాలుగో రోజు జ్వరం దిగింది, గండం గడిచిందనుకున్నాను. డెంగీలో అసలు గండం అప్పుడే మొదలవుతుంది. సాయంత్రానికి చిగుళ్ళ నుంచి రక్తం కారసాగింది. అక్క ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. కనీసం లక్షన్నర ఉండవలసిన ప్లేట్‌లెట్లు 18 వేలకు పడిపోయాయి.

నన్ను ఏ వార్డులో చేర్చాలో ఎవరూ తేల్చలేదు. మగవారి వార్డుకు నేను వెళ్ళనన్నాను. ఆడవారి వార్డులో ఒప్పుకోరని వారన్నారు. వరండాలో బల్ల మీద నేను, సెలైన్ సీసా ఎత్తి పట్టుకుని అక్క. అప్పుడే ఒక యువ వైద్యుడు, నాకు వినబడుతుందని తెలిసి కూడా, "వీళ్ళకు ఇంకేం జబ్బుంటాదిలే, ముందు ఆ టెస్టు రాయండి" అన్నాడు. నన్ను ఒక్క మాటైనా అడగకుండా హెచ్ఐవీ పరీక్షకు రక్తం తీశారు. రోగి సమ్మతి లేకుండా ఆ పరీక్ష చేయరాదని 2017 నాటి చట్టం, వైద్యసేవల్లో మాపై వివక్ష చూపరాదని 2019 నాటి చట్టం చెబుతున్నాయి. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసి కూడా ఆ రాత్రి నోరు విప్పలేకపోయాను. ఇక్కడే పోతే ఏ పేరుతో రాస్తారోనన్న దిగులు చావు భయాన్ని మించిపోయింది.

అర్ధరాత్రి దాటాక డ్యూటీకి వచ్చిన ఒక డాక్టరమ్మ నన్ను మహిళల వార్డులో మూలమంచానికి మార్పించారు. పక్కనే కూర్చుని, "వేరే మాత్రలేమన్నా వాడుతుండావా తల్లీ? నేనేమీ అనను, చెప్పు" అని అడిగారు. ఆరేళ్ళుగా వేసుకుంటున్న ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ మాత్రల సంగతి ఒక వైద్యురాలికి చెప్పడం అదే మొదటిసారి. అవి రక్తం గడ్డకట్టే ముప్పును పెంచగలవు కనుక ఏ వైద్యుడి దగ్గరా దాచవద్దన్నారు. నా తోటి అమ్మలకూ అక్కలకూ నేను చెప్పేది అదే, దాచకండి.

ఏడేళ్ళుగా నాతో మాట్లాడని మా అమ్మ పెద్ద దర్గాలో మొక్కుకుందని అక్క చెప్పింది. ఆ మొక్కే నన్ను నిలబెట్టిందని నమ్ముతున్నాను.

డిశ్చార్జి కాగితంలో లింగం దగ్గర "పురుషుడు" అనే ఉంది. కలెక్టరు ఇచ్చిన ధ్రువపత్రం పట్టుకుని, దాన్ని మార్చమని అడగడానికి సోమవారం వెళుతున్నాను. ఆ యువ వైద్యుడు కనబడితే, ఆ రాత్రి అడగలేనిది ఆయననూ అడుగుతాను.