ఆ ఒక్క పేరు

పదకొండున్నరయింది. చిన్నది పట్టుపావడా కూడా విప్పకుండా నిద్రపోయింది. అత్తయ్య రెండుసార్లు వచ్చి "ఇంకా ఆ లైటు ఆర్పవా అమ్మా" అన్నారు. నాకు నిద్ర రావడం లేదు.

కాలనీ ఫంక్షన్‌లో చిన్నది 'ఆనతినీయరా' పాడింది. పైస్థాయిలో తడబడుతుందేమోనని నెల్లాళ్ళుగా నాకు టెన్షన్. తడబడలేదు. బాగా పాడింది.

పాటకి ముందు మైకు పట్టుకున్నాయన "స్వాతికిరణంలో ఆ పిల్లాడు పాడిన పాట, ఇప్పుడు మన పాప నోట" అన్నారు. మహదేవన్ గారి పేరు చెప్పారు, సిరివెన్నెల గారి పేరు చెప్పారు, విశ్వనాథ్ గారి గురించి అయిదు నిమిషాలు మాట్లాడారు. మమ్ముట్టి నటన గురించి కూడా. ఆ పాట పాడిన వాణీ జయరాం గారి పేరు మాత్రం లేదు! 1975లో తమిళ సినిమా అపూర్వ రాగంగళ్, ఆ తర్వాత శంకరాభరణం, మూడోసారి ఈ పాటే. మూడు జాతీయ అవార్డులు. నలభై అయిదు దాటిన మనిషి, గొంతు మారని కుర్రాడికి పాడారు. ఆ కష్టం తలుచుకోవడానికి ఒక్క క్షణం పట్టదా? మా ఆయనేమో "పోనీలే, పాప బాగా పాడింది కదా" అన్నారు. పోనీలే అంటే నాకు ఇంకా మండింది.

1992లో ఆ సినిమా చూసి బస్సులో ఇంటికొస్తూ, ఆ అబ్బాయి ఎంత బాగా పాడాడో అని నేనంటే, నాన్న "అబ్బాయి కాదమ్మా, వాణీ జయరాం. మన బ్యాంకావిడే" అన్నారు. నాన్నకి ఆవిడ ఎప్పుడూ మన బ్యాంకావిడే. స్టేట్ బ్యాంకులో, మన హైదరాబాదులోనే కొన్నాళ్ళు ఉద్యోగం చేశారట. చిన్నప్పుడే కర్ణాటక సంగీతం నేర్చుకున్నారు. పెళ్ళయి బొంబాయి వెళ్ళాక, భర్త ప్రోత్సాహంతో అబ్దుల్ రెహ్మాన్ ఖాన్ గారి దగ్గర హిందుస్తానీ మొదలుపెట్టి, ఉద్యోగం వదిలేశారు. 1971లో 'గుడ్డి' అనే హిందీ సినిమాలో 'బోలే రే పపీహరా'తో దేశమంతా ఆ గొంతు విన్నది. "పర్మనెంటు ఉద్యోగమమ్మా, పర్మనెంటు" అని నాన్న రెండుసార్లు అన్నారు. అది గర్వమే అనుకున్నాను అప్పట్లో. నాన్న వయొలిన్ అటక మీదే ఉండేది. దాన్ని దించడం నేనెప్పుడూ చూడలేదు.

2023 ఫిబ్రవరి 4న ఫోన్ చేస్తే, "పద్మభూషణ్ ప్రకటించి పదిరోజులే, అందుకోకుండానే వెళ్ళిపోయిందమ్మా" అన్నారు. విశ్వనాథ్ గారు పోయి అప్పటికి రెండు రోజులే. నాన్న ఇంకేం మాట్లాడలేదు, పెట్టేశారు.

ఇదంతా రాస్తుంటే ఆ మైకు ఆయన మీద కోపం కాస్త తగ్గింది. నేనూ అబ్బాయే పాడాడనుకున్నాను కదా. అలా అనుకునేలా పాడారు ఆవిడ. కానీ నాకప్పుడు పదేళ్ళు, చేతిలో మైకు లేదు. లేదు, తగ్గలేదు.

అసలు గుచ్చుతున్నది వేరే. అన్నం తింటూ చిన్నది అడిగింది, "అమ్మా, ఆ పాట పాడిన అబ్బాయి ఇప్పుడు పెద్దవాడైపోయి ఉంటాడా?" అని. నెల్లాళ్ళు ఫోన్‌లో ఆ పాటే పెట్టి, ఒక్కో సంగతీ పట్టుకుని పాడించాను. పాడిందెవరో చెప్పలేదు. దానికీ తొమ్మిదేళ్ళే.

పొద్దున స్కూల్ వ్యాను ఏడూ నలభైకి. జడ వేసేటప్పుడు చెప్పాలి, నాన్న చెప్పినట్టే, బ్యాంకు దగ్గర్నుంచి మొదలుపెట్టి.