డిమెన్షియా పరిశోధనకు డబ్బు ఎవరిస్తారు: విశాఖలో ఉండి వెతుక్కునేవారికి

పోయిన నెలలో ఒక సాయంత్రం, ఓపీ ముగిశాక, ఇద్దరు జూనియర్లు నా గదికి వచ్చి కూర్చున్నారు. ఒకరు ఈమధ్యే జీవరసాయన శాస్త్రంలో పీహెచ్‌డీ ముగించిన అమ్మాయి. మరొకరు ఎండీ పూర్తిచేసి, బోధనాసుపత్రిలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరి ఏడాది కూడా నిండని అబ్బాయి. ఇద్దరికీ డిమెన్షియా (జ్ఞాపకశక్తి, ఆలోచన క్రమంగా క్షీణించే జబ్బు) మీద పని చేయాలని ఉంది, ఇద్దరి దగ్గరా డబ్బు లేదు. "మేడమ్, విదేశీ గ్రాంట్లకు వేద్దామా, ఇక్కడివాటికే వేద్దామా?" అని అడిగారు. అప్పటికి తోచింది చెప్పి పంపాను గానీ, బీచ్ రోడ్డు మీదుగా ఇంటికి వెళ్తున్నంతసేపూ వాళ్లకు సరైన జవాబు చెప్పలేదన్న వెలితి పీడించింది. ఆ జవాబును కాస్త నింపాదిగా రాద్దామని ఈ టపా మొదలుపెట్టాను.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి, డిమెన్షియా ఉందని లాసీ-డాడ్ అనే జాతీయ అధ్యయనం 2023లో అంచనా వేసింది. పురుషులలో కంటే స్త్రీలలో, పట్టణాలలో కంటే పల్లెలలో ఇది ఎక్కువగా కనిపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికి ప్రపంచంలో ఈ జబ్బుతో ఉన్నవారు 5.7 కోట్లు; వారిలో అరవై శాతానికి పైగా పేద, మధ్య ఆదాయ దేశాలవారే. రోగులు ఎక్కువగా ఉన్న చోట పరిశోధన ఎంత తక్కువగా జరుగుతున్నదో ఒక పరిశోధక బృందం తన పేరులోనే పెట్టుకుంది. ఆ బృందం పేరు '10/66'. డిమెన్షియా రోగులలో 66 శాతం మంది ఉన్న దేశాల మీద జరుగుతున్న పరిశోధన పది శాతం కూడా లేదని 1998లో చెప్పడానికి పెట్టుకున్న పేరది. ఆ బృందం మన దక్షిణాదిలో చెన్నైలోనూ వెల్లూరు పల్లెల్లోనూ పని చేసింది. ఉత్తరాంధ్ర పల్లెల్లో అలాంటి పని చేయాలనుకునేవారికి ఆ అంకెలే మొదటి బలం. ప్రపోజల్‌లో 'ఈ పని ఎందుకు' అన్న పేరా రాసేటప్పుడు చాలామంది వాటిని వదిలేసి అమెరికా లెక్కలు ఎత్తి రాస్తారు, అది నాకు ఎప్పటికీ అర్థం కాదు.

జూనియర్లు అడగవలసిన ప్రశ్న 'ఇక్కడా, అక్కడా' అన్నది కాదు, 'నా గడియారంలో ఇంకా ఎంత సమయం ఉంది' అన్నది. గ్రాంట్లిచ్చే సంస్థలు పరిశోధకులను తొలి అంచె, మధ్య అంచె అని చేసే విభజన మనిషి తెలివిని బట్టి గానీ, రాసిన పత్రాల సంఖ్యను బట్టి గానీ జరగదు. డిగ్రీ చేతికి వచ్చిన తేదీ నుంచో, పుట్టిన తేదీ నుంచో, ఉద్యోగంలో చేరిన తేదీ నుంచో లెక్క మొదలవుతుంది. నా విషయంలో ఎండీ అయ్యాక ఒక బదిలీ, ఒక ప్రసవం, మా మామగారి పక్షవాతం, ఆ పైన మరో బదిలీ వరుసగా వచ్చాయి. ఇవన్నీ ముగిసి ప్రపోజల్ రాయడానికి తీరిక చిక్కేసరికి, తొలి అంచెవారికిచ్చే ఒక గ్రాంటుకు నా గడువు నాలుగు నెలల క్రితమే దాటిపోయిందని దరఖాస్తు ఫారంలో తేదీ నింపుతుండగా తెలిసింది. ఆ ఫారం నన్ను రెండో పేజీకి కూడా వెళ్లనివ్వలేదు. విరామాలను లెక్కలోంచి తీసేసే సంస్థలు కొన్ని ఉన్నాయనీ, దానికి ముందుగానే రాసి అడగాలనీ నాకు చెప్పినవారు లేరు. అందుకే జూనియర్లకు మొదట చెప్పేది ఇది: గోడ మీద క్యాలెండరులో మీ డిగ్రీ తేదీ రాసి పెట్టుకోండి.

ఇక్కడి డబ్బు సంగతికి వస్తే, పీహెచ్‌డీ ముగించిన అమ్మాయికి దగ్గరగా కనిపించే దారి జాతీయ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్. రెండేళ్లపాటు మరొకరి ల్యాబ్‌లో పని చేయడానికి ఇచ్చేది. వయసు 35 దాటకూడదు, కొన్ని వర్గాలకు సడలింపు ఉంటుంది. ఒకప్పుడు పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ సెర్బ్ ఇచ్చిన ఇలాంటి పథకాలన్నీ 2023లో వచ్చిన చట్టం తరువాత అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ కిందికి వెళ్లాయి. అదే సంస్థ బోధన, పరిశోధన ఉద్యోగంలో కొత్తగా స్థిరపడినవారికి ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంటు పేరుతో మూడేళ్లకు 60 లక్షల రూపాయల వరకు ఇస్తున్నది; దానికి వయోపరిమితి 42. ఏడాది నిండని మా అబ్బాయి మొదట చూడవలసింది దీన్నే. అయితే ఆసుపత్రిలో పని చేసేవారికి, ముఖ్యంగా పీహెచ్‌డీ లేని ఎండీలకు, నేను ఎక్కువ నమ్మకంతో చెప్పేది హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్ గురించి. కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, ఇంగ్లండ్‌లోని వెల్‌కమ్ ట్రస్ట్ కలిసి 2008 నుంచి నడుపుతున్న పథకమిది. క్లినికల్, ప్రజారోగ్య విభాగంలో వైద్యులకు విడిగా ఫెలోషిప్‌లున్నాయి; సొంత జీతం, సహాయకుల జీతాలు, సామగ్రి అన్నీ అందులోనే వస్తాయి. 2025 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం దీని మూడో దశకు 1,500 కోట్ల రూపాయలు ఆమోదించింది. అందులో వెయ్యి కోట్లు మన ప్రభుత్వానివి, 500 కోట్లు వెల్‌కమ్‌వి. పెద్ద నగరాలు కాని చోట్లకు విస్తరించడం ఈ దశ లక్ష్యాలలో ఒకటి, కాబట్టి విశాఖవాళ్లు వెనకాడవలసిన పనిలేదు.

విదేశాల్లో పోస్ట్‌డాక్ చేస్తూ వెనక్కి రావాలనుకునే మనవారికి రామలింగస్వామి రీఎంట్రీ ఫెలోషిప్ ఉంది. ఆ పేరు విన్నప్పుడల్లా నాకొక చిన్న గర్వం. వులిమిరి రామలింగస్వామి శ్రీకాకుళంలో 1921లో పుట్టి, మన ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, కాంగ్రా లోయలో గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి వాపు) మీద పరిశోధన చేసి, తరువాత భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు అధిపతి అయ్యారు. ఢిల్లీలో ఐసీఎంఆర్ ప్రధాన కార్యాలయం భవనానికి ఆయన పేరే. మహారాణిపేటలో ఆయన నడిచిన వీధుల్లోనే నడుస్తూ, ఆయన పేరున్న ఫెలోషిప్ గురించి తెలియని పీజీ విద్యార్థులను నేను చాలామందిని చూశాను.

మధ్య అంచె వారి పరిస్థితి మాత్రం వేరు, దాని మీద కొంచెం ఎక్కువ రాయాలి, ఎందుకంటే నేనూ అందులోనే ఉన్నాను. నలభై నుంచి యాభై ఏళ్ల మధ్య ఉన్న అసోసియేట్ ప్రొఫెసర్ తొలి అంచె గ్రాంటుకు పెద్దది, సీనియర్ గ్రాంటుకు చిన్నది. ఆమె చేతిలో పీజీల థీసిస్‌లు ఉంటాయి, వార్డు ఉంటుంది, తనిఖీకి వచ్చే బృందానికి చూపించవలసిన రిజిస్టర్లు ఉంటాయి. ముందుగా సేకరించిన డేటా మాత్రం ఉండదు. ఐసీఎంఆర్ బయటి సంస్థలకిచ్చే గ్రాంట్లలో స్మాల్, ఇంటర్మీడియట్ అని రెండు స్థాయిలున్నాయి. నా వయసువాళ్లు నేరుగా రెండోదానికి వేసి, 'ప్రాథమిక డేటా చాలదు' అన్న ఒక్క వాక్యంతో తిరిగి వచ్చిన కవరు పట్టుకుని, ఇంకెప్పుడూ వేయకుండా ఊరుకుంటారు. స్మాల్ గ్రాంటు తీసుకోవడం హోదాకు తక్కువేమీ కాదని ఒప్పుకోవడానికి నాకే రెండేళ్లు పట్టింది. ఇండియా అలయన్స్ ఇంటర్మీడియట్ ఫెలోషిప్‌లతో పాటు, ఇద్దరు ముగ్గురు పరిశోధకులు కలిసి వేసే ఉమ్మడి గ్రాంట్లు కూడా మూడో దశలో ఉన్నాయి. ఆసుపత్రిలో రోగులున్న ఒకరు, విశ్వవిద్యాలయంలో ల్యాబ్ ఉన్న ఒకరు, గణాంకాలు తెలిసిన ఒకరు కలిస్తే చాలు. మన ఊళ్లో ఈ ముగ్గురూ ఉన్నారు, ఒకరినొకరు కలుసుకోరంతే.

విదేశాల నుంచి వచ్చే డబ్బులో డిమెన్షియాకే ప్రత్యేకంగా పేరున్నది చికాగోలోని అల్జీమర్స్ అసోసియేషన్. పోస్ట్‌డాక్‌లకు ఫెలోషిప్, స్వతంత్రంగా పని మొదలుపెట్టినవారికి రీసెర్చ్ గ్రాంటు ఇస్తుంది, ఇతర దేశాలవారూ వేయవచ్చు. ముందుగా చిన్న ఉద్దేశ పత్రం పంపాలి; అది నచ్చితేనే పూర్తి దరఖాస్తు అడుగుతారు. ఉద్దేశ పత్రాన్ని పెళ్లి శుభలేఖలాగా అందరి పేర్లతో నింపేసి, అసలు ప్రశ్నను చివరి పేరాకు తోసేయడం మనవాళ్ల అలవాటు. గ్లోబల్ బ్రెయిన్ హెల్త్ ఇన్‌స్టిట్యూట్ అట్లాంటిక్ ఫెలోషిప్ మరో తీరుది: శాన్‌ఫ్రాన్సిస్కోలో గానీ డబ్లిన్‌లో గానీ ఏడాది ఉండి నేర్చుకోవాలి. వైద్యులే కాక పాత్రికేయులు, కళాకారులు కూడా దానికి వెళ్తారు. అలా వెళ్లొచ్చినవారికి సొంత ఊళ్లో చిన్న పని మొదలుపెట్టడానికి సుమారు 25,000 డాలర్ల పైలట్ అవార్డులు కూడా ఉన్నాయి. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్ వారి కే43 అవార్డు మనలాంటి దేశాల జూనియర్ అధ్యాపకుల కోసమే పెట్టినది గానీ, పని వేళల్లో 75 శాతం పరిశోధనకే కేటాయించాలంటుంది. రోజూ వందమందిని చూసే ఓపీలో ఆ మాట ఎవరితో అనగలం? పైగా అమెరికా విశ్వవిద్యాలయానికి వచ్చిన గ్రాంటులోంచి మనకు వాటా పంపే పాత పద్ధతిని ఎన్‌ఐహెచ్ 2025 మే నెలలో ఆపేస్తున్నట్లు ప్రకటించింది. అక్కడి ప్రొఫెసర్ మాట ఇచ్చారని నమ్మకంతో ఉన్నవారు కొత్త పద్ధతి ఏమిటో ఆయననే మళ్లీ ఒకసారి అడగడం మంచిది.

విదేశీ డబ్బు మంజూరైనంత మాత్రాన చేతికి రాదు. చాలా ఏళ్ల క్రితం, నేను ఒక ట్రస్టు నడిపే సంస్థలో ఉన్నప్పుడు, ఒక చిన్న విదేశీ గ్రాంటు మా బృందానికి వచ్చింది. స్వీట్లు పంచుకున్నాం. తరువాత అకౌంట్స్ విభాగంలో పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టి, "అమ్మా, మనకు ఎఫ్‌సీఆర్ఏ లేదు కదా, ఈ డబ్బు ఏ ఖాతాలో వేయించుకుంటాం?" అని నెమ్మదిగా అన్నారు. ఎఫ్‌సీఆర్ఏ అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం; దాని కింద నమోదు లేదన్నది ఆయన మాట. ముందస్తు అనుమతి కోసం కాగితాలు తిరుగుతుండగానే గడువు ముగిసి, గ్రాంటు మరో దేశపు బృందానికి పోయింది. 2020 సవరణ తరువాత నిబంధనలు ఇంకా బిగిశాయి: ఆ చట్టం కిందికి వచ్చే సంస్థలు విదేశీ విరాళాన్ని ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే తీసుకోవాలి, మరో సంస్థకు బదిలీ చేయకూడదు, పరిపాలనా ఖర్చు ఇరవై శాతం దాటకూడదు. ఇది కాక, విదేశీయులతో కలిసి చేసే ఆరోగ్య పరిశోధనకు ఆరోగ్య శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి కావాలి. రక్తం నమూనాలు దేశం దాటించాలంటే మరీ. కాబట్టి ప్రపోజల్ మొదటి పేజీ రాయకముందే అకౌంట్స్ విభాగంలో ఒక టీ తాగి రావాలని నా సలహా. ప్రైవేటు సంస్థలవారు డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన శాఖ) గుర్తింపు ఉందో లేదో కూడా అప్పుడే అడగాలి.

ఇంతకీ ఇక్కడి నుంచి మనం అడగగలిగే ప్రశ్న ఏమిటి? ఒక కార్తీక మాసంలో, భీమిలి దగ్గరి పల్లె నుంచి ఒక ముసలమ్మను కోడలు తీసుకొచ్చింది. జ్ఞాపకశక్తి పరీక్ష పత్రంలో మొదటి ప్రశ్న, ఈ రోజు తేదీ ఎంత అని. ఆమె నా వైపు జాలిగా చూసి, "ఏటి తల్లీ, నిన్న నాగులసవితి ఎల్లింది, ఇయ్యాల పంచమి కాదేటి?" అంది. పంచమే. తేదీ గడిలో మాత్రం సున్నా వేయాలి. గడియారం బొమ్మ గీయమంటే పెన్సిలు పట్టుకోవడమే ఆమెకు కొత్త. ఐసీఎంఆర్ పూనుకుని తెలుగుతో సహా అయిదు భారతీయ భాషల్లో జ్ఞాపకశక్తి, భాష, ఆలోచన పరీక్షల సంపుటిని తయారు చేయించింది ఇలాంటి చిక్కుల వల్లనే. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి, రెండో భాష మాట్లాడేవారిలో జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందనీ, బడికి వెళ్లనివారిలోనూ ఆ తేడా ఉందనీ 2013లో చూపించింది. ఆ పరిశోధనకు ముడిసరుకు ఆ నగరపు వీధుల్లో వినిపించే భాషలే. తెలుగు, ఒడియా, గిరిజన భాష కువి కలిసి వినిపించే పాడేరు సంతలో ఎవరైనా కాసేపు నిలబడితే, ఇక్కడ ఎన్ని ప్రశ్నలు అడగకుండా ఉండిపోయాయో తెలుస్తుంది.

మా జూనియర్లిద్దరూ చివరికి ఒకే ప్రపోజల్ రాస్తున్నారు: అబ్బాయి పేరు మీద, అమ్మాయి సహ పరిశోధకురాలిగా, నేను మార్గదర్శిగా. చదువు రాని పెద్దవాళ్లకు తేదీ బదులు తిథి, పండుగ, సంత రోజు అడిగితే పరీక్ష ఫలితం ఎంత మారుతుందన్నది విషయం. బడ్జెట్‌లో నేను పట్టుబట్టి చేర్పించిన పద్దు ఒకటే, రోగితో పాటు వచ్చే మనిషికి బస్సు ఛార్జీ, ఆ రోజు పోయిన కూలి. దాన్ని ఏ శీర్షిక కింద వేయాలో తెలియక, అబ్బాయి ఇప్పటికి రెండుసార్లు 'ఇతర ఖర్చులు'లోకి మార్చాడు, నేను రెండుసార్లు పైకి తెచ్చాను. ఎథిక్స్ కమిటీ వచ్చే గురువారం కూర్చుంటుంది. సమ్మతి పత్రం తెలుగు ప్రతి ఇంకా నా బల్ల మీదే ఉంది, అందులో 'డిమెన్షియా' అన్న చోట ఏ మాట వాడితే ఆ ముసలమ్మ కోడలు నొచ్చుకోకుండా సంతకం పెడుతుందో ముగ్గురం ఇంకా తేల్చుకోలేదు.