మూడున్నర వేళ్ల తిమ్మిరి: నర్వ్ టెస్ట్‌లో నా అనుభవం

మగ్గం పని చేసేవాళ్లకు కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలే అన్నం పెడతాయి. బట్ట పైన కుడిచేత్తో ఆరీ సూది ఆడిస్తాం, కింద నుంచి ఎడమచేత్తో దారం అందిస్తాం. పోయిన పెళ్లిళ్ల సీజన్లో సరిగ్గా ఆ మూడు వేళ్లే నాకు మొద్దుబారాయి. అర్ధరాత్రి దాటాక చెయ్యి మంటగా, తిమ్మిరిగా అనిపించి మెలకువ వచ్చేసేది. లేచి కూర్చుని విదిలిస్తే కాసేపటికి సర్దుకునేది. పగలేమో సూది చేతిలో ఉందో జారిందో కళ్లతో చూసుకోవాల్సిందే. గిన్నెలోంచి ఒక్క పూస ఎత్తబోతే నాలుగు కింద పడేవి.

"నరాల వీక్‌నెస్సే అమ్మాయ్, నువ్వు సరిగ్గా తినవు" అని మా అత్తయ్య తేల్చేశారు. వీధి చివరి క్లినిక్‌లో బీ12 ఇంజెక్షన్లు రాశారు. పక్కింటి పిన్నిగారు మెడకు ఎక్స్‌రే తీయించుకోమన్నారు. ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు, మెడ దగ్గర నరం నొక్కుకున్నా వేళ్లకు తిమ్మిరి వస్తుంది. తలా ఒకటి చెబుతుంటే టెన్షన్ ఎక్కువై, చివరికి న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను.

ఆయన మొదట అడిగింది "ఏ వేళ్లమ్మా?" అని. చెయ్యంతా అంటే ఊరుకోలేదు. నన్ను కళ్లు మూసుకోమని, దూదితో ఒక్కో వేలూ తాకుతూ వెళ్లారు. చిటికెన వేలు భేషుగ్గా ఉంది. విచిత్రమంతా ఉంగరం వేలిలో ఉంది. బొటనవేలి వైపు సగం మొద్దు, చిటికెన వేలి వైపు సగం మామూలు! ఒకే వేలు నిలువునా రెండు నరాల మధ్య పంచుకుని ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. బొటనవేలు, చూపుడు, మధ్యవేలు, ఉంగరం వేలిలో సగం మీడియన్ నరానివి. మిగతా సగం, చిటికెన వేలు అల్నార్ నరానివి. మోచేయి దేనికైనా తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమనేది ఆ అల్నార్ నరమే.

మీడియన్ నరం మెడ నుంచి బయల్దేరి చెయ్యి పొడవునా వచ్చి, మణికట్టు దగ్గర ఒక ఇరుకు సందులోంచి అరచేతిలోకి వెళుతుంది. ఆ సందుకు కిందా పక్కలా ఎముకలు, పైన గట్టి పట్టీ లాంటి లిగమెంట్. అందులోంచే వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లు కూడా పోతాయి. వాటి చుట్టూ కాస్త వాపు వచ్చినా నలిగేది మెత్తగా ఉండే నరమే. మణికట్టు వంగితే లోపల ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. నిద్రలో చెయ్యి ముడుచుకుని పడుకుంటాం కాబట్టే రాత్రుళ్లు ఎక్కువ. బొటనవేలి మొదట్లో, అరచేతి కండ మీద నాకు స్పర్శ బాగానే తెలిసింది. అక్కడికి వెళ్లే కొమ్మ ఆ సందుకు ముందే విడిపోయి పైనుంచి వెళ్లిపోతుందట. దాంతో అనుమానం మెడ మీద నుంచి మణికట్టు మీదకు వచ్చింది. రెండు చేతుల వెనక భాగాలూ ఆనించి, మణికట్లు వంచి నిమిషం ఉండమన్నారు. నిమిషం నిండకుండానే తిమ్మిరి ఎక్కేసింది. షుగర్, థైరాయిడ్ పరీక్షలు రాశారు, రెండూ నార్మల్. తర్వాత నర్వ్ కండక్షన్ టెస్ట్, అంటే చిన్న షాక్ ఇచ్చి నరంలో వార్త ఎంత వేగంగా పోతుందో చూసే పరీక్ష.

టెస్ట్ రోజు చేతులకు నూనె, క్రీమ్ రాసుకోవద్దన్నారు. గాజులు, ఉంగరం తీయించారు. గుండెకు పేస్‌మేకర్ ఉందా అని అడిగారు. టెక్నీషియన్ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని "చల్లగా ఉందమ్మా" అంటూ వేడినీళ్ల సంచి చుట్టింది. చర్మం చల్లబడితే నరం వేగం ఒక్కో డిగ్రీకి సెకనుకు 2 మీటర్ల దాకా పడిపోతుందట. ఏసీ గదిలో చల్లబడ్డ మంచి చెయ్యికి కూడా రిపోర్టులో జబ్బు కనిపించవచ్చు. ఎక్కడైనా చెయ్యి వెచ్చబెట్టకుండానే మొదలుపెడుతుంటే అడగండి, మొహమాటపడొద్దు.

బొటనవేలి కండ మీద ఎలక్ట్రోడ్లు అంటించి, మణికట్టు మీద చిన్న షాక్ ఇచ్చింది. చురుక్కుమంది, బొటనవేలు దానంతట అదే ఎగిరింది. తర్వాత మోచేతి దగ్గర ఇచ్చినా ఎగిరింది బొటనవేలే. నేను కదపకుండా నా వేలు కదులుతుంటే నవ్వొచ్చింది. "ఇంకొంచెం అమ్మా, ఇంకొంచెం" అంటూ కరెంటు పెంచుతూ పోయింది. ఎంత పెంచినా తెర మీది అల ఇక పెరగదన్న చోట ఆపింది. నరంలోని పోగులన్నీ పలికాయనడానికి అదే గుర్తట. నిజం చెప్పాలంటే నొప్పి కన్నా, తర్వాతి షాక్ కోసం కాచుకుని కూర్చోవడమే బాధ.

షాక్ ఇచ్చిన రెండు చోట్ల మధ్య దూరం టేపుతో కొలిచింది. అచ్చం నేను జాకెట్టు కొలతలు తీసే టేపే! 21.6 సెంటీమీటర్లు. మణికట్టు నుంచి కండకు వార్త చేరడానికి 5.8 మిల్లీసెకన్లు, మోచేతి నుంచి 9.8. తేడా 4. అంటే ముంజేతిలో వేగం సెకనుకు 54 మీటర్లు, అది మామూలే. నరం నుంచి కండకు దాటే చోట రసాయనం విడుదల కావడానికి కొంత సమయం పోతుంది. ఆ సమయం లెక్కలో కలవకుండా ఉండటానికే రెండు చోట్ల షాక్ ఇచ్చి తీసివేత చేస్తారట. చిక్కు మణికట్టు దగ్గరి 5.8లోనే ఉంది. అక్కడ 4.2 దాటకూడదట.

ఆ తర్వాత వేళ్లకు రింగులు తొడిగి స్పర్శ నరాలు చూసింది. కండ అల మిల్లీవోల్టుల్లో వస్తుంది. స్పర్శ అల మైక్రోవోల్టుల్లో, అంటే వెయ్యో వంతు స్థాయిలో వస్తుంది కాబట్టి పదే పదే షాకిచ్చి సగటు తీస్తారు. చూపుడువేలి అల చిన్నగా, ఆలస్యంగా వచ్చింది. చిటికెన వేలిది నిటారుగా లేచింది.

ఇంటర్ బైపీసీలో నరం పోగు మీద మైలిన్ తొడుగు, ఆ తొడుగు మధ్య మధ్య ఖాళీలే రాన్వియర్ కణుపులు అని బట్టీ కొట్టి పాసయ్యాను. అది నా చేతిలో చూశాకే బుర్రకెక్కింది. తొడుగున్న నరంలో వార్త కణుపు నుంచి కణుపుకు దూకుతుంది, పొడుగు టాకాలు వేసుకుంటూ పోయినట్టు. తొడుగు లేని పోగులో చైన్ స్టిచ్‌లా అంగుళం అంగుళం నడవాల్సిందే, సెకనుకు 2 మీటర్లు కూడా దాటదు. నొక్కుడుకు ముందు చెడేది ఆ తొడుగే. అందుకే వార్త ఆగకపోయినా ఆలస్యమవుతుంది. ఈ మెషిన్ చూసేది వేగంగా పోయే లావు పోగుల్నే. మంటను మోసే సన్న పోగులు దీనికి అందవు. బాధ ఉన్నా కొందరికి రిపోర్టు నార్మల్ రావడానికి అదీ ఒక కారణం.

చివర్లో డాక్టరుగారే వచ్చి బొటనవేలి కండలో సన్నటి సూది గుచ్చారు. సూదులతో బతికేదాన్ని, దానికి భయపడలేదు. వేలు వదులుగా పెడితే స్పీకర్ నిశ్శబ్దం, పైకి నెడితే టకటకమని మోత. వదులుగా ఉన్నప్పుడు కూడా చప్పుళ్లు వస్తే నరం పోగులు తెగుతున్నట్టట. తెగితే మళ్లీ పెరగడం రోజుకు సుమారు ఒక మిల్లీమీటరే. నాకు చప్పుళ్లు రాలేదు.

రిపోర్టులో "కార్పల్ టన్నెల్ సిండ్రోమ్, మోడరేట్" అని రాశారు, అంటే మణికట్టు సందులో నరం ఓ మోస్తరుగా నలుగుతోందని. రాత్రిపూట మణికట్టు వంగకుండా తిన్నగా పట్టి ఉంచే స్ప్లింట్ ఇచ్చారు. తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, అప్పటికీ తగ్గకపోతే చేతి వరకే మత్తిచ్చి ఆ లిగమెంట్ కోసే చిన్న ఆపరేషన్. బొటనవేలి మొదటి కండ చిక్కిపోతుంటే మాత్రం ఆలస్యం చేయొద్దని గట్టిగా చెప్పారు. అందుకని అప్పుడప్పుడూ రెండు అరచేతులూ పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను.

స్ప్లింట్‌తో మొదట పోయినవి రాత్రి మెలకువలు. వేలి కొసల మొద్దుతనం నెమ్మదిగా వదులుతోంది, ఇంకా పూర్తిగా పోలేదు. మగ్గం ఎత్తు పెంచుకున్నాను, సూది పిడికి గుడ్డ చుట్టి లావు చేసుకున్నాను. టెస్టులో ఏ బాధా లేని ఎడమచేతిలో కూడా కాస్త ఆలస్యం కనిపించడంతో దానికీ ఒక స్ప్లింట్ కొన్నాం. రెండు చేతులకూ కట్టుకుని పడుకుంటే ఇప్పుడు దుప్పటి లాక్కోవడమే పెద్ద పని. మా ఆయనకు మాత్రం హాయిగా ఉంది, దుప్పటంతా ఆయనదే.