మంచు దారిలో సైనికులు మోసుకెళ్లిన సేనాపతి

మొన్న సెర్బియా సేనాపతి రదోమిర్ పుత్నిక్ గురించి చదివాను, అప్పట్నుంచీ మనసు అక్కడే ఉంది. 1914 జూలైలో మొదటి ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చే వేళకి ఈ పెద్దాయన వైద్యం కోసం శత్రుదేశం ఆస్ట్రియాలోనే ఉన్నారు! బుడాపెస్ట్‌లో పట్టుకున్నారు కూడా, కానీ ఆస్ట్రియా-హంగరీ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ వదిలేయమన్నాడు. ఈలోగా సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో యుద్ధ ప్రణాళికలున్న ఇనప్పెట్టె తాళం ఆయన దగ్గరే ఉండిపోవడంతో దాన్ని పేల్చి తెరవాల్సొచ్చింది, ఆ గదిలో వాళ్ల టెన్షన్ ఊహించుకోండి. తిరిగొచ్చాక, ఊపిరి సరిగ్గా ఆడకపోయినా, సెర్బియాలోనే ఆగస్టులో సేర్ దగ్గర, డిసెంబర్‌లో కొలుబారా దగ్గర ఆస్ట్రియా సైన్యాన్ని తరిమికొట్టించారు.

1915 చివర్లో జర్మనీ, ఆస్ట్రియా, బల్గేరియా కలిసి మీదపడ్డాయి. సైన్యం అల్బేనియా కొండలు దాటాల్సొచ్చింది. నడవలేని ఆయన్ని చెక్కపెట్టెలాంటి పల్లకీలో కూర్చోబెట్టి, ఆ ఇరుకు మంచు దారుల్లో, తమకే తిండి లేని సైనికులు మోశారు. అది చదివాక కాసేపు ఇంకేం చదవబుద్ధి కాలేదు.

ఇంత చేశాక 1916లో పదవి నుంచి తీసేశారు, నాకైతే అది అన్యాయమనే అనిపిస్తోంది. 1917 మేలో ఫ్రాన్స్‌లోని నీస్‌లో చనిపోయారు, అప్పటికింకా సొంత దేశం శత్రువు చేతిలోనే ఉంది. ఆయన అవశేషాలు బెల్‌గ్రేడ్ చేరింది 1926లో.