ఫ్రోజెన్ షోల్డర్, టోక్యోలో షియాత్సు

భుజం బిగుసుకుపోయి చెయ్యి లేవని ఫ్రోజెన్ షోల్డర్ వచ్చినవాళ్లకి రాత్రిళ్లే నరకం. నొప్పి ఉన్న పక్కకి తిరిగి పడుకోలేం, రెండో పక్కకి తిరిగితే చెయ్యి బరువుకి భుజం లాగేస్తుంది. మేం టోక్యోలో నిషికసాయ్‌లో ఉంటాం. అక్కడి ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి, షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఎక్కువగా వస్తుందని చెప్పారు. నాకు షుగర్ ఉంది. మందులు, వ్యాయామాలు రాసి, తగ్గడానికి నెలలు పడుతుంది, కొందరికి రెండేళ్లు కూడా పట్టొచ్చన్నారు. అప్పటికి జడ కూడా మావారే వేస్తున్నారు.

వేళ్లతో ఒంటిని నొక్కే జపాన్ మర్దన షియాత్సు సంగతి పక్కింటావిడ చెప్పారు. డాక్టరుని అడిగితే, భుజాన్ని బలవంతంగా తిప్పనంతవరకు ఫరవాలేదన్నారు. జపాన్‌లో ఇది చేయాలంటే మూడేళ్లు చదివి ప్రభుత్వ పరీక్ష పాసవ్వాలి. నమికోషి తొకుజిరో అనే ఆయన చిన్నప్పుడు జపాన్ ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలో తల్లి కీళ్లనొప్పులకి వేళ్లతో నొక్కుతూ దీన్ని మొదలుపెట్టారని చెబుతారు. 1940లో టోక్యోలో ఆయన పెట్టిన బడి ఇప్పటికీ ఉంది.

నేను వెళ్లిన షియాత్సు సెన్సేకి (సెన్సే అంటే గురువు, గౌరవంగా అలా పిలుస్తారు) చూపు లేదు. చూపు లేనివాళ్లు మర్దన వృత్తిలో ఉండటం జపాన్‌లో వందల ఏళ్లుగా ఉన్నదే. ముందు కూర్చోబెట్టి చాలా ప్రశ్నలు అడిగారు: ఏ మందులు వాడుతున్నాను, బీపీ ఉందా, నిద్ర ఎలా పడుతోంది, పాదాలు తిమ్మిరెక్కుతాయా అని. బట్టలు విప్పాల్సిన పని లేదు, నూనె లేదు. వదులుగా ఉండే కాటన్ బట్టలు చాలు. నేల మీద పరుపు, దాని మీద మనం, పక్కన మోకాళ్ల మీద ఆవిడ.

నొప్పి ఉన్న భుజం మీద నేరుగా చెయ్యి వేస్తారేమోనని నాకు భయంగా ఉండింది. ఆవిడ దాని జోలికే పోలేదు. బాగున్న పక్కకి పడుకోబెట్టి, నొప్పి చెయ్యి కిందకి జారకుండా దిండు పెట్టి, మెడ దగ్గర మొదలుపెట్టారు. బొటనవేలి మెత్తని భాగంతో, చెయ్యి చాచి, తన ఒంటి బరువుని నెమ్మదిగా దించుతారు. నాలుగైదు సెకన్లు ఆపి అంతే నెమ్మదిగా వదులుతారు. రుద్దడం, పిసకడం ఉండదు. రెక్క ఎముకకీ వెన్నుపూసకీ మధ్య ఒకచోట వేలు ఆగింది. నొప్పి మోచేతి దాకా పాకింది. చెబుదామనుకునేలోపే వేలు తేలికైంది. నేను ఊపిరి బిగబట్టినట్టు ఆవిడకి తెలిసిపోయింది. మళ్లీ నేను ఊపిరి వదిలినప్పుడే నొక్కారు. ఆ తర్వాత చేతి మీదుగా వేళ్ల చివర్ల దాకా, చివర్లో పొట్ట మీద అరచేతితో మెత్తగా.

అయ్యాక వెంటనే లేవనివ్వలేదు. కాసేపు పడుకోబెట్టి, తర్వాత వేడి టీ ఇచ్చారు. మర్నాడు వీపంతా ఇల్లు సర్దినంత పులపరంగా ఉంది, ఒక్క రోజులో పోయింది. ఆ రాత్రి మాత్రం మధ్యలో మెలకువ రాకుండా నిద్రపోయాను. ఎన్ని నెలల తర్వాతో!

చెయ్యి మాత్రం అంగుళం కూడా ఎక్కువ లేవలేదు. భుజం కీలు చుట్టూ పొర బిగుసుకుపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. పైనుంచి నొక్కితే ఆ పొర వదులవదు. చేతిని కాచుకోవడానికి బిగదీసుకుని పోయిన మెడ, వీపు మాత్రం దీనితో వదులయ్యాయి, నిద్ర పట్టింది. నిద్ర ఉంది కాబట్టి పొద్దున్నే గోడ మీద వేళ్లు పాకించే వ్యాయామం చేసే ఓపిక వచ్చింది. చెయ్యి లేచింది ఆ వ్యాయామాలతో, కాలంతో. అప్పుడప్పుడు సెన్సే దగ్గరికి వెళుతూనే ఉన్నాను. ఇప్పుడు పై అరలో డబ్బా అందుతుంది, జడ నేనే వేసుకుంటున్నాను.

జ్వరం ఉన్నా, కాళ్లలో రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నా ఇది వద్దు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు, గర్భిణులు డాక్టరుని అడక్కుండా వెళ్లకండి. షుగర్ వల్ల పాదాలు మొద్దుబారినవాళ్లు ఆ మాట ముందే చెప్పాలి, ఎంత గట్టిగా నొక్కుతున్నారో మనకి తెలియదు. ఎక్కడైనా సరే, ఒక్కసారి లాగితే భుజం తెరుచుకుంటుందని ఎవరైనా చెయ్యి పట్టుకుంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి.