ఏట్రింత వేషంలో కోకిల

జూన్‌లో మొదటి వానలు పడ్డాక మారేడుమిల్లి వెళ్లాం. తెల్లవారుజామున అడవి దారిలో నడుస్తుంటే ఎక్కడో పైనుంచి ఈల వినిపించింది. పి, పి, పి, పి, పి... ఒక్కో స్వరం ముందుదాని కంటే కాస్త పైకి. సంగీతం నేర్చుకునే పిల్లలు ఆరోహణ అందుకున్నట్టే ఉంది, అవరోహణే లేదు. ఐదారు మెట్లెక్కి టక్కున ఆగడం, మళ్లీ కింది నుంచి మొదలు.

ముందు బ్రెయిన్‌ఫీవర్ పక్షి అనుకున్నాను, అదీ కోకిల జాతిదే. అదీ గొంతు పెంచుకుంటూనే పోతుంది గానీ, దాని కూతలో మూడక్షరాల ముక్క పదేపదే వస్తుంది. ఇవి విడివిడి ఈలలు.

మాతో వచ్చిన కొండరెడ్డి అన్న ఓ ఎండుకొమ్మ చూపించాడు. బైనాక్యులర్స్‌లో చూస్తే నల్లగా మెరుస్తూ, తోక చివర చీలిన పిట్ట. ఏట్రింత! ఉసూరుమన్నాను. మా ఊళ్లో గేదెల వీపుల మీద రోజూ చూసే పసులపోలిగాడే కదా. కూసేది పక్క ఆకుల్లో ఉంటుందిలే అని అక్కడ వెతుకుతూ పది నిమిషాలు పోగొట్టుకున్నాను.

"అదే కూస్తోంది సార్, గొంతు చూడండి" అన్నాడు అన్న.

చూశాను. ఈల వచ్చినప్పుడల్లా ఆ నల్లటి గొంతు ఉబ్బుతోంది.

డ్రాంగో కుక్కూ! అచ్చం ఏట్రింతలా కనిపించే కోకిల జాతి పిట్ట. ఎగిరిపోతుందేమోనని ఒకటే టెన్షన్. ముందు ముక్కు చూశాను. ఏట్రింత ముక్కు దళసరి, మొదట్లో మీసాల్లాంటి వెంట్రుకలుంటాయి. దీనిది సన్నగా, కొద్దిగా కిందికి వంగి ఉంది. అసలు గుర్తు తోక కింద ఉంటుంది. మెల్లగా చెట్టు కిందికి వెళ్లి తలెత్తాను. తోక మొదట్లో, నలుపు మీద, సుద్దముక్కతో గీసినట్టు సన్నటి తెల్ల చారలు. చేతులు వణికి ఫోటో సరిగా రాలేదు, ఫర్వాలేదు, కళ్లారా చూశాను.

తర్వాత అది ఏట్రింతలా గాల్లోకి లేచి పురుగును పట్టి అదే కొమ్మకు తిరిగి రాలేదు. ఆకుల్లోకి దిగి గొంగళిపురుగును లాక్కుంది.

ఇది గూడు కట్టదు, బాబ్లర్లనే చిన్న పిట్టల గూళ్లలో గుడ్లు పెడుతుంది. అక్కడ ఈ వేషం పనికొస్తుందని ఓ అంచనా, ఇంకా తేలలేదు.

గదికొచ్చి, చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో ఎక్కించాక పాత లిస్టులు తిరగేశాను. అడవిలో ఏట్రింత అని రాసుకున్న వాటిలో ఎన్నింటి తోక కింద చూశానో గుర్తు రాలేదు. చీకటి పడ్డాక గెస్ట్‌హౌస్ వెనక మళ్లీ అదే ఈల. అన్న వచ్చి తలుపు తట్టాడు, "విన్నారా సార్?"